ఎస్7-300లో ఎస్ఎఫ్, బీఎఫ్ లైట్లు వెలిగి సీపీయూ స్టాప్‌లోకి పోతుంటే ఏం చూడాలి

మీరు అడిగింది ఇది: డ్రయర్ లైన్‌కి సీమెన్స్ ఎస్7-300 పీఎల్‌సీ (యంత్రాల్ని నడిపే కంట్రోలర్) ఉంది, సీపీయూ 315-2డీపీ. ప్రొఫీబస్ (పరికరాల్ని కలిపే కేబుల్ నెట్‌వర్క్) మీద నాలుగు ఈటీ200ఎం స్టేషన్లు (దూరంగా పెట్టిన ఇన్‌పుట్, అవుట్‌పుట్ మాడ్యూళ్ల గుంపులు), వేగం 1.5 ఎంబీపీఎస్. రోజుకు ఒకటి రెండుసార్లు ఉన్నట్టుండి సీపీయూ స్టాప్‌లోకి వెళ్తోంది. ఎస్ఎఫ్ (సిస్టమ్ లోపం లైటు) ఎర్రగా నిలిచిపోతోంది, బీఎఫ్ (బస్ లోపం లైటు) మెరుస్తోంది. ప్యానెల్ పవర్ తీసి వేస్తే మళ్లీ నడుస్తోంది. మెయింటెనెన్స్ వాళ్లు సీపీయూ పోయింది, కొత్తది తెప్పించాలి అంటున్నారు.

ఇప్పుడే తెప్పించకండి. పవర్ తీసి వేయగానే బాగై గంటల తరబడి నడిచే సీపీయూ, అందులోనూ బీఎఫ్ మెరిపిస్తున్న సీపీయూ, దాదాపు ఎప్పుడూ తన బయట ఉన్న లోపాన్నే చూపిస్తుంది. బీఎఫ్ మెరవడం అంటే కనీసం ఒక స్లేవ్ స్టేషన్ (ఇక్కడ ఈటీ200ఎం) మాస్టర్‌కి, అంటే సీపీయూకి, జవాబివ్వడం లేదని. బీఎఫ్ ఆగకుండా వెలిగితే లోపం బస్ ఇంటర్‌ఫేస్‌లోనో, బస్ మీద షార్ట్‌లోనో ఉంటుంది. మీది మొదటి రకం. స్టేషన్ పోతే సీపీయూ ఎందుకు ఆగాలి అంటే, దానికి సంబంధించిన ఎర్రర్ ఓబీ (ఆ లోపం వచ్చినప్పుడు నడిచే బ్లాక్) ప్రోగ్రామ్‌లో లేకపోవడం వల్ల. ఈ రెండూ వేర్వేరు సమస్యలు: స్టేషన్ ఎందుకు పోతోంది అన్నది ఒకటి, అది పోతే లైన్ మొత్తం ఎందుకు ఆగాలి అన్నది రెండోది. చాలా చోట్ల రెండోదాన్ని సరిచేసి మొదటిది కూడా తీరిపోయిందనుకుంటారు.

ఈసారి ఆగినప్పుడు పవర్ తీయడానికి ముందు రెండు పనులు చేయండి. మొదటిది, నాలుగు స్టేషన్ల దగ్గరికీ వెళ్లి ఐఎం153 (స్టేషన్‌ని బస్‌కి కలిపే మాడ్యూల్) లైట్లను ఫోన్‌తో ఫోటో తీయండి. పచ్చ ‘ఆన్’ లైటు వెలగకపోతే ఆ స్టేషన్‌కి 24 వోల్టులు అందడం లేదు, ఇక బస్ గురించి ఆలోచించక్కర్లేదు. ‘ఆన్’ ఉండి బీఎఫ్ నిలిచి వెలుగుతుంటే ఆ స్టేషన్‌కి బస్ మీద మాస్టర్ వినబడటం లేదు. బీఎఫ్ మెరుస్తుంటే డేటా మార్పిడి జరగడం లేదు. అడ్రస్‌లో గానీ, కాన్ఫిగరేషన్‌లో గానీ తేడా ఉంటుంది. మీ కేసులో ఒక సూచన కనబడుతోంది. స్టేషన్ క్షణం పాటు పోయి తిరిగొస్తే, సీపీయూ స్టాప్‌లోనే ఉన్నా మాస్టర్ మీద బీఎఫ్ ఆరిపోవాలి. మీరు ప్యానెల్ దగ్గరికి వచ్చే సరికి కూడా మెరుస్తోందంటే ఆ స్టేషన్ అప్పటికీ తిరిగి రాలేదు. పవర్ తీసి వేసినప్పుడు ఐఎం కూడా రీసెట్ అవుతోంది కాబట్టే బాగైనట్టు కనిపిస్తోంది.

రెండో పని డయాగ్నోస్టిక్ బఫర్ (సీపీయూ రాసుకునే ఘటనల చిట్టా) సేవ్ చేయడం. సీమెన్స్ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ సిమాటిక్ మేనేజర్‌లో సీపీయూని ఎంచుకుని కంట్రోల్, డీ కీలు కలిపి నొక్కితే మాడ్యూల్ ఇన్ఫర్మేషన్ తెరుచుకుంటుంది. అందులో డయాగ్నోస్టిక్ బఫర్ ట్యాబ్‌లో ‘సేవ్ యాజ్’ కొట్టి టెక్స్ట్ ఫైలుగా దాచుకోండి. ప్రాజెక్టు ఫైలు మీ దగ్గర లేకపోయినా ‘యాక్సెసిబుల్ నోడ్స్’ ద్వారా ఇది చూడొచ్చు. ఎంపీఐ (ల్యాప్‌టాప్ కలిపే పోర్టు)లో సీపీయూ డిఫాల్ట్ అడ్రస్ 2, వేగం 187.5 కేబీపీఎస్. కొత్త సాఫ్ట్‌వేర్ టీఐఏ పోర్టల్‌లో అయితే ‘ఆన్‌లైన్ అండ్ డయాగ్నోస్టిక్స్’ కింద ఉంటుంది. పవర్ తీసేసినా చివరి 100 ఎంట్రీలు నిలుస్తాయి, మెమరీ రీసెట్ చేసినా బఫర్ చెరిగిపోదు. కాబట్టి ఇప్పటికే జరిగిన స్టాప్‌ల చరిత్ర మీ సీపీయూలో ఇంకా ఉండే అవకాశం ఎక్కువ; ఇవాళే తీసి చూడండి. ఎంట్రీల తేదీలు 1994 అని చూపిస్తే సీపీయూ గడియారం ఎవరూ సెట్ చేయలేదన్న మాట. వెంటనే సెట్ చేయండి. టైమ్ సరిగ్గా లేకపోతే కింద చెప్పబోయే సగం పరీక్షలు చేయలేరు.

బఫర్‌లో కొత్త ఎంట్రీ పైన ఉంటుంది. అందరూ పైదే చదువుతారు. పైది సాధారణంగా ‘స్టాప్ అయింది’ అన్న వార్త మాత్రమే, కారణం దాని కింద ఉంటుంది. ఉదాహరణకు పైన 16#4562 ఉంటే ప్రోగ్రామింగ్ ఎర్రర్ వల్ల స్టాప్, 16#4563 ఉంటే ఐ/ఓ (ఇన్‌పుట్, అవుట్‌పుట్) యాక్సెస్ ఎర్రర్ వల్ల స్టాప్, 16#4568 ఉంటే టైమ్ ఎర్రర్ వల్ల స్టాప్ అని అర్థం. ఆ కింది వరుసలో అసలు ఘటన కనిపిస్తుంది: 16#39సీ4 అంటే డీపీ స్టేషన్ పోయింది, 16#38సీ4 అంటే తిరిగొచ్చింది. 16#3942 ఒక మాడ్యూల్ లోపం చెప్పింది, 16#3842 ఆ లోపం పోయింది. 16#2942, 16#2943 ఐ/ఓని చదవడంలో, రాయడంలో ఎర్రర్. 16#2522, 16#2523 డేటా బ్లాక్ హద్దు దాటి చదవడం, రాయడం. 16#3501 సైకిల్ టైమ్ దాటింది. ఎంట్రీ మీద క్లిక్ చేస్తే కింద డీటెయిల్స్‌లో స్టేషన్ నంబరు గానీ, మాడ్యూల్ అడ్రస్ గానీ, బ్లాక్ నంబరు గానీ వస్తుంది. ఆ వివరం రాసుకోకుండా కోడ్ ఒక్కటే రాసుకుంటే ఉపయోగం లేదు.

మీ బఫర్‌లో నాకు కనబడుతుందనుకునేది 39సీ4. అలా అయితే కనీసం మూడు నాలుగు స్టాప్‌ల ఎంట్రీలు పక్కపక్కన పెట్టుకుని, ఏ స్టేషన్లు పోయాయో చూడండి. అన్నిటికంటే ఎక్కువ సమాచారం ఇక్కడే ఉంది.

ప్రతిసారీ ఒకే స్టేషన్ పోతుంటే ఆ స్టేషన్ 24 వోల్టులు, దాని కనెక్టర్, దాని ఐఎం, ఈ వరుసలో అనుమానించండి. ఒక స్టేషన్, కేబుల్ దారిలో దాని తర్వాతవి అన్నీ కలిసి పోతుంటే లోపం ఆ గుంపులో మొదటి స్టేషన్‌కి, దాని ముందున్న స్టేషన్‌కి మధ్య ఉన్న కేబుల్లో గానీ ఆ రెండు కనెక్టర్లలో గానీ ఉంది. అడ్రస్ నంబర్ల వరుస కాదు, కేబుల్ నిజంగా తిరిగిన వరుస చూడాలి. డ్రాయింగ్ నమ్మకుండా కళ్లతో చూసి గీసుకోండి. నాలుగూ ఒకేసారి పోతే మాస్టర్ కనెక్టర్, టెర్మినేషన్ (బస్ రెండు చివరలా ఉండే రెసిస్టర్లు), లేదా ఏదో చోట షార్ట్. ఒకసారి 4, మరోసారి 6, ఇంకోసారి 5 అంటూ చెదురుగా పోతుంటే నాయిస్, ఎర్తింగ్, టెర్మినేషన్. అప్పుడు బఫర్ టైమ్‌ని ఆపరేటర్ లాగ్‌తో కలిపి చూడండి: పెద్ద బ్లోయర్ స్టార్ట్ అయిన క్షణమా, వీఎఫ్‌డీ (మోటర్ వేగం మార్చే డ్రైవ్) వేగం పెంచినప్పుడా, డీజిల్ జనరేటర్ మీదికి మారినప్పుడా?

ఇక కేబుల్ కొలత. లైన్ ఆపి, అన్ని స్టేషన్లకూ మాస్టర్‌కూ పవర్ తీసి, కనెక్టర్లన్నీ పరికరాల నుంచి ఊడదీయండి. కేబుల్ మాత్రం కనెక్టర్లలో అలాగే ఉండాలి. రెండు చివరి కనెక్టర్ల మీది టెర్మినేషన్ స్విచ్‌లు ఆన్, మధ్యవన్నీ ఆఫ్. ఒక కనెక్టర్‌లో 3వ పిన్ను (బీ, ఎరుపు వైరు), 8వ పిన్ను (ఏ, ఆకుపచ్చ వైరు) మధ్య ఓంలు కొలవండి. 110 ఓంల చుట్టూ రావాలి, ఎందుకంటే రెండు చివరలా చెరొక 220 ఓంలు సమాంతరంగా ఉంటాయి. కేబుల్ తీగల నిరోధం వల్ల 112, 115 వచ్చినా తప్పు లేదు. 220 వస్తే ఒక టెర్మినేషన్ పని చేయడం లేదు, లేదా మధ్యలో తీగ తెగింది. సున్నా దగ్గర్లో వస్తే షార్ట్. తర్వాత 3వ పిన్నుకీ షీల్డ్‌కీ, 8వ పిన్నుకీ షీల్డ్‌కీ మధ్య కొలవండి, ఓపెన్ చూపించాలి. కొలిచేటప్పుడు ఎవరినైనా కేబుల్‌ని కనెక్టర్ మెడ దగ్గర మెల్లగా వంచమనండి. అంకె గెంతితే లోపం దొరికినట్టే. అప్పుడప్పుడు వచ్చిపోయే లోపాలు నిశ్చలంగా కొలిస్తే దొరకవు.

కనెక్టర్ మూత తెరిచి లోపల చూడకుండా ఈ పని పూర్తి కాదు. చూడాల్సినవి ఇవి. షీల్డ్ అల్లిక లోహపు క్లాంప్ కింద చదునుగా కూర్చుందా? అందులోంచి ఒక సన్నని తీగ విడిపోయి ఆకుపచ్చ వైరు టెర్మినల్‌కి తగులుతోందా? ఆ ఒక్క పోగు చాలు, వైబ్రేషన్‌కి తగిలినప్పుడల్లా స్టేషన్ పడిపోవడానికి. ఇంకో తప్పు ఇంతకంటే ఎక్కువగా కనిపిస్తుంది: చివరి కనెక్టర్‌లో కేబుల్‌ని ఏ1, బీ1 (కేబుల్ లోపలికి వచ్చే వైపు) బదులు ఏ2, బీ2లో (బయటికి పోయే వైపు) బిగించడం. సీమెన్స్ కనెక్టర్‌లో స్విచ్ ఆన్ చేస్తే ఏ2, బీ2 వైపు బస్ నుంచి విడిపోతుంది. అంటే చివరి స్టేషన్‌లో ఏ2కి వేసి స్విచ్ ఆన్ చేస్తే ఆ స్టేషన్ కనబడదు. ఎవరో దాన్ని ఆఫ్ చేసి ‘నడుస్తోంది’ అనుకుని వెళ్లిపోతారు, బస్ ఒక చివర టెర్మినేషన్ లేకుండా మిగులుతుంది. అలాంటి లైన్ నెలల తరబడి నడిచి, కొత్త వీఎఫ్‌డీ పెట్టిన రోజున పడిపోవడం మొదలవుతుంది. అదే కారణంగా మధ్య కనెక్టర్‌లో స్విచ్ ఆన్ అయితే ఆ తర్వాతి స్టేషన్లన్నీ పోతాయి.

టెర్మినేషన్‌కి కరెంటు ఆ చివర ఉన్న పరికరం నుంచే వస్తుంది: 6వ పిన్ను మీద 5 వోల్టులు, 5వ పిన్ను మీద గ్రౌండ్. చివరి స్టేషన్ పవర్ ఆపేస్తే టెర్మినేషన్ కూడా సగం పోయినట్టే. చివరి స్టేషన్‌ని తరచూ ఆపాల్సి వస్తే అక్కడ విడిగా పవర్ ఉన్న యాక్టివ్ టెర్మినేటర్ పెట్టించండి.

పొడవు సంగతి: 1.5 ఎంబీపీఎస్ దగ్గర ఒక సెగ్మెంట్ 200 మీటర్లు దాటకూడదు. 500 కేబీపీఎస్‌కి 400 మీటర్లు, 187.5కి 1000 మీటర్లు, 12 ఎంబీపీఎస్‌కి 100 మాత్రమే. డ్రయర్ లైన్లో నాలుగు స్టేషన్లకి అంత వేగం అవసరం లేదు. ఉష్ణోగ్రత, ఫీడ్ కన్వేయర్, డ్యాంపర్లు ఇవే అయితే 500కి దించండి. ప్రతిబింబాలకీ నాయిస్‌కీ బస్ తట్టుకునే శక్తి పెరుగుతుంది, పైసా ఖర్చు లేదు. కాకపోతే హార్డ్‌వేర్ కాన్ఫిగ్ డౌన్‌లోడ్‌కి సీపీయూ స్టాప్‌లోకి వెళ్లాలి, షట్‌డౌన్‌లో పెట్టుకోండి. ఊదా రంగు ప్రొఫీబస్ కేబుల్‌ని వీఎఫ్‌డీ నుంచి మోటర్‌కి పోయే కేబుల్‌తో ఒకే ట్రేలో పక్కపక్కన వేసి ఉంటే, వేగం ఎంత దించినా పూర్తిగా నయం కాదు. కనీసం 20 సెంటీమీటర్ల ఎడం ఇవ్వండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి.

కేబుల్ బాగుంటే 24 వోల్టులు. సాధారణ మల్టీమీటర్‌తో చూసి ‘24.1 ఉంది, బాగుంది’ అనడం ఈ కేసులో చాలదు. పరిమితి 20.4 నుంచి 28.8 వోల్టులు, మీకు కావాల్సింది సగటు కాదు, కొన్ని మిల్లీసెకన్ల పాటు ఎంతకి పడిపోయిందో. మిన్–మాక్స్ రికార్డింగ్ ఉన్న మీటర్‌ని ఆ స్టేషన్ ఐఎం టెర్మినళ్ల దగ్గరే (24 వోల్టులిచ్చే పవర్ సప్లై, అంటే ఎస్ఎంపీఎస్ దగ్గర కాదు) ఒక షిఫ్ట్ మొత్తం పెట్టండి. చాలా వేగంగా పడి లేచే దాన్ని మీటర్ కూడా పట్టకపోవచ్చు, స్కోప్ దొరికితే అదే మంచిది. అదే టెర్మినళ్ల మీద ఏసీ రేంజ్‌లో పెడితే కొన్ని పదుల మిల్లీవోల్టులకి మించి చూపించకూడదు. అర వోల్టు చూపిస్తే ఎస్ఎంపీఎస్ కెపాసిటర్లు ఎండిపోయాయి. సోలెనాయిడ్లు, రిలేలు, ఐఎం అన్నీ ఒకే ఎస్ఎంపీఎస్ మీద ఉంటే విడదీయండి: ఐఎంకీ ఇన్‌పుట్ మాడ్యూళ్లకీ ఒకటి, కాయిల్స్‌కి ఇంకొకటి. ప్రతి డీసీ కాయిల్‌కీ 1ఎన్4007 డయోడ్ అడ్డంగా, గీత ఉన్న కొన ప్లస్ వైపు ఉండేలా వేయండి. ఏసీ కాంటాక్టర్లకైతే ఆర్‌సీ స్నబ్బర్ (వోల్టేజీ ఎగుడును అణిచే రెసిస్టర్, కెపాసిటర్ జత).

తెలంగాణ, ఆంధ్ర ఎండల్లో ఇంకొకటి చూడాలి. అడ్డంగా అమర్చిన ఎస్7-300కి పరిమితి 60 డిగ్రీలు, నిలువుగా అమర్చితే 40 మాత్రమే. డ్రయర్ పక్కనున్న ప్యానెల్లో మే నెల మధ్యాహ్నం ఏసీ ఆగితే 60 దాటడం కష్టమేమీ కాదు. స్టాప్‌లన్నీ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు మధ్యే అయితే లోపల థర్మామీటర్ పెట్టండి.

బఫర్‌లో 39సీ4 బదులు 3942 కనిపిస్తే దారి వేరు. స్టేషన్ బాగుంది, అందులో ఒక మాడ్యూల్ డయాగ్నోస్టిక్ ఇంటరప్ట్ పంపింది. ఎక్కువగా ఇది ఎస్ఎం331 అనలాగ్ ఇన్‌పుట్. రెండు కారణాలు ముందు వస్తాయి: ఆ మాడ్యూల్ ఫ్రంట్ కనెక్టర్‌కి ఎల్ ప్లస్ 24 వోల్టులు అందకపోవడం (ఫ్యూజ్ పోవడం), లేదా ఒక ఛానెల్‌లో వైర్ బ్రేక్. 4–20 మిల్లీఆంప్ ఛానెల్ 4 దగ్గర 0, 20 దగ్గర 27648 ఇవ్వాలి, 12 దగ్గర 13824. 32767 నిలిచిపోయి ఉంటే ఓవర్‌ఫ్లో గానీ వైర్ బ్రేక్ గానీ. లూప్‌లో మిల్లీఆంప్ మీటర్ సిరీస్‌లో పెట్టి చూడండి. మాడ్యూల్ మార్చిన తర్వాత మొదలైన సమస్య అయితే దాని పక్కన ఉండే చిన్న రేంజ్ దిమ్మెని చూడండి: రెండు వైర్ల ట్రాన్స్‌మిటర్‌కి అది డీ మీద, నాలుగు వైర్లదానికి సీ మీద, 10 వోల్టులకి బీ మీద, థర్మోకపుల్‌కి ఏ మీద ఉండాలి. కొత్త మాడ్యూల్ బీ మీద వస్తుంది. దాన్ని తిప్పకుండా పెడితే కాన్ఫిగరేషన్‌తో పొసగక ఎస్ఎఫ్ వెలుగుతుంది. వాడని ఛానెళ్లని కాన్ఫిగ్‌లో ‘డీయాక్టివేటెడ్’ చేయండి.

ఇప్పుడు రెండో సమస్య, ఓబీలు. ఓబీ82 మాడ్యూల్ లోపానికి, ఓబీ86 స్టేషన్ పోవడానికి, ఓబీ122 ఐ/ఓ యాక్సెస్ ఎర్రర్‌కి, ఓబీ121 ప్రోగ్రామింగ్ ఎర్రర్‌కి, ఓబీ80 సైకిల్ టైమ్‌కి. ఇవి లేకపోతే ఆయా ఘటనలకి సీపీయూ స్టాప్‌లోకి వెళ్తుంది. మీకు చాలామంది ఇచ్చే సలహా: ఖాళీ ఓబీలు అన్నీ లోడ్ చేసేయండి, ఇక ఆగదు. నిజమే, ఆగదు. కానీ డ్రయర్ మీద ఇది ప్రమాదకరం, ఎందుకో చెబుతాను.

స్టేషన్ పోతే దాని ఇన్‌పుట్‌లు ప్రాసెస్ ఇమేజ్‌లో (సీపీయూ దగ్గరుండే ఇన్‌పుట్‌ల నకలులో) సున్నా అవుతాయి. ఎమర్జెన్సీ స్టాప్ లాంటి ఎన్‌సీ (మామూలుగా మూసి ఉండే) కాంటాక్ట్‌లకి ఇది మంచిదే, సున్నా అంటే ఆపమని. కానీ ఎన్‌ఓ (మామూలుగా తెరిచి ఉండే) కాంటాక్ట్‌తో వైరు చేసిన హై టెంపరేచర్ స్విచ్ సున్నా అయితే ప్రోగ్రామ్ ‘అంతా చల్లగా ఉంది’ అనుకుంటుంది. ఉష్ణోగ్రత అనలాగ్ ఛానెల్ కూడా ఆ స్టేషన్‌లోనే ఉంటే అదీ సున్నా చదువుతుంది, పీఐడీ (ఉష్ణోగ్రతని నియంత్రించే బ్లాక్) బర్నర్‌ని పూర్తిగా తెరుస్తుంది. సీపీయూ రన్‌లో ఉంది, బర్నర్ వేరే స్టేషన్‌లో ఉంది, దాన్ని ఆపేవాళ్లు లేరు. అందుకే ఓబీ86 ఖాళీగా వద్దు. అందులో పోయిన స్టేషన్ నంబరు చూసి ఒక మెమరీ బిట్ సెట్ చేయండి, తిరిగొస్తే రీసెట్ చేయండి. లోకల్ డేటాలో ఈవెంట్ క్లాస్ 16#39 అయితే పోయింది, 16#38 అయితే వచ్చింది. ఓబీ1లో (ఎప్పుడూ తిరిగే ప్రధాన ప్రోగ్రామ్‌లో) ఆ బిట్‌తో బర్నర్ అనుమతి తీసేయండి, పీఐడీని మాన్యువల్‌లో సున్నాకి దించండి, ఫీడ్ ఆపండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ మాత్రం నడవనివ్వండి, హెచ్‌ఎంఐ (ఆపరేటర్ స్క్రీన్) మీద ఏ స్టేషన్ పోయిందో చూపించండి. బర్నర్ రక్షణ అసలైతే పీఎల్‌సీతో సంబంధం లేకుండా హార్డ్‌వైర్డ్ లూప్‌లో ఉండాలి. లేకపోతే ముందు అది పెట్టించండి.

ఓబీ121 మాత్రం ఖాళీగా కూడా వేయకండి. 2522, 2523 వస్తే బఫర్‌లో ఆ ఎంట్రీ మీద ‘ఓపెన్ బ్లాక్’ నొక్కండి; తప్పు జరిగిన ఇన్‌స్ట్రక్షన్ దగ్గరికే తీసుకెళ్తుంది. ఎక్కువగా రెసిపీ నంబరుతో లెక్కకట్టిన పాయింటర్ డేటా బ్లాక్ చివర దాటి ఉంటుంది. ఆపరేటర్ రెసిపీ 20 ఉన్నచోట 21 టైప్ చేశాడన్న మాట. హెచ్‌ఎంఐలో పరిమితి పెట్టండి, ప్రోగ్రామ్‌లోనూ పెట్టండి. 3501 వస్తే సైకిల్ టైమ్ ట్యాబ్‌లో గరిష్ఠం చూడండి. డిఫాల్ట్ పరిమితి 150 మిల్లీసెకన్లు. పెంచే ముందు ఏ లూప్ అంతసేపు తిరుగుతోందో కనుక్కోండి. ఓబీ80 ఉన్నా ఒకే సైకిల్లో రెండోసారి పరిమితి దాటితే సీపీయూ ఆగుతుంది.

ఓబీలు డౌన్‌లోడ్ చేసేముందు ఒక్క జాగ్రత్త. సీపీయూలో ఉన్న ప్రోగ్రామ్‌ని ముందు పైకి తీసి బ్యాకప్ పెట్టుకోండి. మీ ల్యాప్‌టాప్‌లోని పాత ప్రాజెక్టు మొత్తం దింపేస్తే డేటా బ్లాకుల్లోని సెట్‌పాయింట్లు, పీఐడీ విలువలు పాతవాటితో మారిపోతాయి. ఓబీ82, 86, 122 ఈ మూడు బ్లాకులూ, ఓబీ1లో చేసిన మార్పూ మాత్రమే పంపండి. ఎంఎంసీ కార్డుని (సీపీయూ మెమరీ కార్డుని) పవర్ ఉండగా ఊడదీయకండి, విండోస్‌లో పెట్టి ఫార్మాట్ అసలే చేయకండి. ఆ తర్వాత సీపీయూ దాన్ని గుర్తించదు. స్టాప్ లైటు మెల్లగా మెరుస్తుంటే సీపీయూ మెమరీ రీసెట్ అడుగుతోందని అర్థం.

సీపీయూ మార్పు గురించి ఆలోచించాల్సింది ఎప్పుడంటే, లైట్లన్నీ ఒకేసారి మెరిసినప్పుడు, లేదా 24 వోల్టులు సరిగ్గా ఉండి డీసీ5వీ లైటు ఆరిపోయినప్పుడు. ఎస్7-300 కుటుంబాన్ని సీమెన్స్ 2023 అక్టోబర్‌లో ఫేజ్-అవుట్‌లో (క్రమంగా ఆపేసే దశలో) పెట్టింది, కాబట్టి ఆ డబ్బు ఖర్చు పెట్టాల్సి వస్తే ఎస్7-1500కి మారే లెక్క కూడా వేయించండి.

బఫర్ ఫైలు, నాలుగు ఐఎం ఫోటోలు, కేబుల్ నిజంగా తిరిగిన వరుస గీసిన కాగితం, 3–8 పిన్నుల మధ్య వచ్చిన ఓంలు, ఇవి పెట్టండి. 39సీ4 ఎంట్రీల్లో స్టేషన్ నంబర్లు చూస్తే ఏ కనెక్టర్ ముందు తెరవాలో చెప్పగలను.